లెస్స పేరు

మార్చి 9, ఆదివారం

మహిమ పొద్దున బస్సుకు వాడరేవు వెళ్ళింది. తమ్ముడు మార్కు దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తుంది. సముద్రం గాలి ఒంటికి మంచిది.

ఆరాధనకు గుడికి ఒక్కడినే వెళ్ళాను.

మార్చి 10

కోల్డ్ స్టోరేజీలో సరుకు దిగుతూనే ఉంది. గుంటూరు యార్డులో ధర లేదని రైతులంతా మిర్చి బస్తాలు తెచ్చి మా దగ్గర దాస్తున్నారు. లెక్కలు ముగించి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. బయటి నుంచే ఇల్లు చీకటిగా కనపడటం కొత్తగా ఉంది. అన్నం వండాను. అడుగంటింది.

మార్చి 12

టీ కొట్టు దగ్గర బాపయ్య గారు కనపడి, నా టీ కూడా తనే చెప్పారు. "నీ అంత మంచోడు ఈ ఊళ్ళో లేడయ్యా పిచ్చయ్యా. ఒకరి జోలికి పోవు. ఒకర్ని ఒక మాట అనవు. అట్టా ఉండాలి మనిషంటే" అన్నారు. నలుగురూ విన్నారు.

శుక్రవారం సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తే పెద్దదవుతుంది. అయినా లెక్కలు రాశాక కలం మూయబుద్ధి కావడం లేదు.

డొంక పక్క పోరంబోకు నేలలో ఊరంతా మిరపకాయలు ఎండబెట్టుకుంటుంది. ఎవరి పేరా పట్టా లేదు. అలికినవాళ్లదే కళ్లం, ఆ ఏటికి. మేం కౌలుకు చేసే ఎకరం కాయల కోసం మహిమ సంక్రాంతి వెళ్ళగానే ఓ చోటు చదును చేసి, పేడ కలిపి అలికింది. రెండో కోత కాయలు అక్కడే ఆరుతున్నాయి. శుక్రవారం పొద్దున బాపయ్య గారి ట్రాక్టర్ వచ్చింది. ఆయన మనుషులు మా కాయల్ని చెక్కలతో పక్కకు తోసి, ఆ అలికిన చోట వాళ్ల కాయలు పోశారు.

మహిమ గొంతు డొంక అవతలికి వినపడింది. "ఇది అలికింది నేను. నా చేతులకు పేడ కంపు ఇంకా పోలా. తియ్యండి మీ కాయలు!"

"అరుస్తావేందమ్మా? పక్కన బోలెడంత చోటుంది, జరుపుకో. కాయలేమన్నా కరిగిపోతయ్యా?"

"ఆ బోలెడంత చోటులోకి మీరే జరుపుకోండి!"

బాపయ్య గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు నాలుగక్షరాలు నేర్చుకున్నోడివి. నువ్వు చెప్పు."

మహిమ కూడా నా వైపు తిరిగింది. "చెప్పు" అంది.

"పోనీలే" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. బాపయ్య గారు మాత్రం అది మహిమతో అన్నట్టు తీసుకుని, ట్రాక్టర్‌ను ఇంకాస్త ముందుకు రమ్మన్నారు.

మహిమ ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. కాయలన్నీ గంపలకెత్తి గట్టు మీదికి తనే మోసింది. నేను ఒక గంప అందుకోబోతే, "వద్దులే, నీకెందుకు శ్రమ" అంది.

ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "వెళ్ళనా?" అంది. "నీ ఇష్టం" అన్నాను. ఆమె ఇష్టానికి నేను ఏనాడూ అడ్డు చెప్పలేదు. అది గొప్ప కోసం చేసింది కాదు. నా పద్ధతి.

మార్చి 16, ఆదివారం

నాలుగు రోజులు దాటాయి. సముద్రం గాలి పడినట్టుంది.

మార్చి 19

ఒంగోలు నుంచి ఫెబా ఫోన్ చేసింది. అక్కడ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తుంది. నోరు వాళ్ళమ్మది.

"అమ్మకి ఫోన్ చేశావా నాన్నా?"

"తను చేస్తుందిలే."

"తను చెయ్యకపోతే?"

"తన ఇష్టం."

"నీ పద్ధతిని ఏమంటారో తెలుసా? లెసే ఫేర్. నువ్వు లెసే ఫేర్ మనిషివి నాన్నా. నీతో చెప్పి లాభం లేదు" అని పెట్టేసింది.

అంటే ఏమిటని నేను అడగలేదు. అప్పటికే పెట్టేసింది కదా.

మార్చి 20

ఆ మాట పొద్దుటి నుంచి నోట్లో తిరుగుతోంది. ఇంగ్లీషు మాటయితే నాకు తెలిసేది. పదో తరగతి తప్పాక ఇంగ్లీషు సొంతంగానే నేర్చుకున్నాను, డిక్షనరీ అట్ట ఊడేదాకా. ఇది ఇంగ్లీషులా లేదు.

లెస్స అంటే మంచిది. మనవాళ్ల పాత మాట. ఇప్పుడు ఎవరూ వాడరు గానీ చదువుకున్న పిల్ల కాబట్టి తెలిసి ఉంటుంది. ఫేరు అంటే పేరే. కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లు అన్నీ ఒత్తి పలుకుతారు. లెస్స పేరు. మంచి పేరు. కోపంలో ఉన్నా పిల్ల నిజం దాచలేదు.

మంచి పేరు ఉన్నవాడితో చెప్పి లాభం లేదని ఎందుకు అన్నట్టు?

మార్చి 23, ఆదివారం

పక్కింటి రహిమున్నీసా గోంగూర పులుసు ఇచ్చింది. మా స్టోరేజీలోనే తొడిమలు తీసే పనికి వస్తుంది. "వదిన ఎప్పుడొస్తుందన్నా?" అంది. గాలి మార్పుకు వెళ్ళిందని చెప్పాను. "గాలి మార్పుకు వెళ్ళేవాళ్లు ఉతికిన చీరలన్నీ తీసుకెళ్తారా?" అంది.

అలమర తెరిచి చూడలేదు. తెరవాల్సిన అవసరం కనపడలేదు.

మార్చి 27

మేనేజరు శ్యామ్ సుందర్ గారు బీకాం చదివారు. మధ్యాహ్నం కరెంటు పోయి, పని ఆగి, కబుర్లాడుతుంటే ఆ మాట ఆయన ముందు పెట్టాను. మా అమ్మాయి నాకు మంచి పేరుందని చెప్పిందని, ఆ మాటతో సహా చెప్పాను. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది.

"అది ఫ్రెంచి మాట పిచ్చయ్య గారూ! పేరూ లేదు గీరూ లేదు. వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకుండా ఎవరి పాటికి వాళ్లను వదిలెయ్యడం. ఇప్పుడు మిర్చి రేటు పడింది. సర్కారు కొనాలి, చూస్తూ ఊరుకుంటే ఎట్లా అని రైతు అంటాడు. మార్కెట్టు సంగతి మార్కెట్టే చూసుకుంటుంది, మీరు రాకండి అని వ్యాపారి అంటాడు. ఆ రెండోది లెసే ఫేర్."

"ఇంతకీ మంచిదా, చెడ్డదా?"

"ఎవరికి? బలమున్నోడికి మంచిదే. కలగజేసుకోవద్దని ఎప్పుడైనా బలంలేనోడు అడగ్గా విన్నారా?"

కరెంటు వచ్చింది. యంత్రాలు మళ్ళీ మోత మొదలుపెట్టాయి.

మార్చి 28

నిన్నటి మాట వ్యాపారం గురించి. ఇళ్లకు వర్తించదు.

మార్చి 30, ఆదివారం

అట్ట ఊడిన డిక్షనరీలో వెతికాను. ఉంది, ఎల్ దగ్గర. ఇంగ్లీషు కాని మాటలు కూడా అందులో పెడతారని తెలియదు. మూలంలో అర్థం 'చెయ్యనివ్వండి' అట. చివర ఆ 'అండి' నాకు నచ్చింది. మర్యాదగా ఉంది. నేను కూడా ఎవరినీ అడ్డుకోలేదు. ఫెబా ఎకనామిక్స్ చదువుతానన్నప్పుడు చదవనిచ్చాను. మహిమ స్త్రీల సమాజంలో పాటలు నేర్పుతానన్నప్పుడు నేర్పనిచ్చాను. బాపయ్య గారిని

ఇక్కడ ఆపుతున్నాను. నిద్ర వస్తోంది.

ఏప్రిల్ 8

మార్కు ఫోన్ చేశాడు. వాడి మాట వినాలంటే ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకోవాలి.

"బావా, అక్కకి కనిగిరిలో ఉద్యోగం వచ్చింది. చర్చి వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. జూన్ మొదట్లో చేరాలంట. మే నెలాఖరుకల్లా అవునో కాదో చెప్పమన్నారు. ఏం చెప్పమంటావ్?"

"ఆమె ఇష్టం."

"నీ నోట్లో ఆ రెండు మాటలే పెట్టి కుట్టేశారా బావా? అక్క అక్కడికెళ్తే మళ్ళీ మీ ఊరు రాదు. నా మాట రాసిపెట్టుకో."

రాసిపెట్టుకున్నాను.

ఏప్రిల్ 9

కనిగిరి మెట్ట ప్రాంతం. నీళ్లకు ఇబ్బంది. ఆమె వెళ్లదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లవారక ముందే అందరం సమాధుల దగ్గరికి వెళ్ళాం. కొవ్వొత్తులు గాలికి నిలవలేదు. ఏటా మొదటి పాట మహిమ ఎత్తుకుంటుంది. ఈసారి వేరే ఎవరో ఎత్తుకున్నారు. మరీ కిందనుంచి ఎత్తుకోవడంతో ఎవరి గొంతుకూ అందలేదు. నేను పెదవులు కదిపాను. ఎప్పుడూ అంతే చేస్తాను. పక్కన ఆమె గొంతు ఉంటే నేనూ పాడుతున్నట్టే ఉండేది.

ఫెబా పండక్కి వచ్చింది. వస్తూనే ఇల్లు తుడిచింది. అలమర తెరిచి, చూసి, మూసింది. అన్నం తింటూ ఆ ఫ్రెంచి మాట అర్థం నాకు తెలిసిందని చెప్పాను. లెస్స పేరు అనుకున్న సంగతి కూడా చెప్పాను. పొలమారేట్టు నవ్వి, తర్వాత నవ్వడం మానేసింది.

"చెయ్యనివ్వండి అనే కదా అర్థం. మీ అమ్మను నేను అన్నీ చెయ్యనిచ్చాను" అన్నాను.

"ఆ మాట ఎట్లా పుట్టిందో చెప్తారు నాన్నా, మా క్లాసులో పిల్లలకి నేనూ చెప్తా. ఫ్రాన్సులో ఒక మంత్రి వ్యాపారుల్ని పిలిచి, మీకోసం మేమేం చెయ్యాలి అని అడిగాడంట. మమ్మల్ని చెయ్యనివ్వండి, అదే చాలు అన్నారంట వాళ్ళు."

"అదే కదా నేనూ అంటున్నది."

"కాదు. ఆయన ముందు అడిగాడు. అది వాళ్లిచ్చిన జవాబు. నువ్వు అమ్మని ఎప్పుడన్నా అడిగావా, నీకేం కావాలి అని? నన్ను నా మానాన వదిలెయ్ అని అమ్మ ఎప్పుడన్నా అందా?"

మజ్జిగ కలుపుకున్నాను. ఫెబా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఏప్రిల్ 21

అలమరలో ఆమె అరలో పాత పసుపు చీర ఒక్కటే ఉంది.

ఏప్రిల్ 24

ఆఖరి కోత కాయలు. కళ్లంలో ఖాళీ అయిన మహిమ చోటునే నిన్న నేను మళ్ళీ పేడ కలిపి అలికాను. ఎక్కువ నీళ్లు పోశానని రహిమున్నీసా నవ్వింది. ఎండకు బీటలు వారింది.

ఈ పొద్దున బాపయ్య గారి ట్రాక్టర్ వచ్చి మళ్ళీ అదే చోట నిలబడింది. నేను దానికీ నా కాయలకీ మధ్య నిలబడ్డాను.

"బాపయ్య గారూ, ఇది మా చోటండి. మేం అలికాం."

"ఏందయ్యా? నువ్వేనా మాట్లాడేది? ఎవరన్నా నీ ఎనకాల నిలబడి మాట్లాడుతున్నారా?" అని నిజంగానే నా వెనక్కి చూశారు. అక్కడ ఎవరూ లేరు.

"మీకు చోటు కావాలంటే పక్కన అలుక్కోండి" అన్నాను.

"మంచోడివనుకున్నా" అన్నారు. ట్రాక్టర్ మాత్రం పక్కకు తిప్పించారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఇంట్లో ఎవరూ లేరు.

మే 3

రేపు వాడరేవు వెళ్తాను.

మే 4, ఆదివారం

వెళ్ళలేదు. ఎండ.

మే 11, ఆదివారం

వెళ్ళలేదు. స్టోరేజీలో పని అనుకున్నాను గానీ ఈ రోజు సెలవు.

మే 17

మహిమకు ఫోన్ చేశాను. మోగుతుండగానే పెట్టేశాను. ఆమె తిరిగి చేసింది. "చేశావా?" అంది. "చెయ్యి తగిలినట్టుంది" అన్నాను. "తగిలిందా, సరే" అంది.

మే 18, ఆదివారం

వెళ్ళలేదు. ఏమీ కారణం లేదు.

మే 25, ఆదివారం

వెళ్ళాను.

రోహిణి కార్తె ఈ రోజే వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. పేట బస్టాండులో చీరాల బస్సు ఎక్కి, ఇంటికి రా, ఇంటికి రా అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. ఈ వయసులో ఒక మాట వల్లె వేసుకోవాల్సి వచ్చింది. కండక్టరు వచ్చి ఎక్కడికి అన్నాడు. "ఇంటికి" అన్నాను. "అందరం ఇంటికే పెద్దాయనా, ఊరి పేరు చెప్పు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వాడరేవులో ఆదివారం జనం. మార్కు ఇసుకలో పందిరి వేసి చేపలు వేయించి అమ్ముతున్నాడు. నన్ను చూసి గరిట పైకెత్తాడు. "అక్కా! సముద్రం లేచి ఊళ్ళోకి నడిచొచ్చిందన్నా నమ్ముతా గానీ, ఇది నమ్మలేకుండా ఉన్నానే! బావొచ్చాడు!"

మహిమ చేపముక్కలకు కారం పట్టిస్తోంది. తల ఎత్తలేదు. "ఆదివారం కదా. సముద్రం చూట్టానికి ఎవరెవరో వస్తారు."

ఎండకు నల్లబడింది. కొంచెం చిక్కింది కూడా. అడుగుదామనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి. "చేపలు బాగుంటాయా?" అన్నాను.

"తింటే తెలుస్తుంది. కారం మనదే. వచ్చేటప్పుడు డబ్బాడు తెచ్చుకున్నా."

తిన్నాను. మన కారమే. బెంచీ మీద కూర్చుని, జనం పలచబడేదాకా చూశాను. ఎండ వాలాక ఆమె ఇంకో గిన్నె ముక్కలు తెచ్చుకుని, ఒడ్డుకు లాగిన పడవ నీడన కూర్చుంది. నేనూ వెళ్లి ఇసుకలో కూర్చున్నాను.

"బాపయ్యని అడ్డుకున్నావంట" అంది.

"ఎవరు చెప్పారు?"

"రహిమున్నీసా. చెప్పాల్సినవాడే చెప్పలా."

"చిన్న సంగతి."

"నేను నిలబడి అరుస్తున్నప్పుడు అనాల్సింది ఆ మాట."

పోనీలే అనబోయాను. "అవును" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఇంటికి రా, మహిమా."

"ఏమన్నావ్?"

"ఇంటికి రా."

పందిరి కిందనుంచి మార్కు అరిచాడు. "నాకే వినపడిందక్కా! నీకు చెవుడొచ్చిందా?"

"నువ్వు ఊరుకోరా! నాకు వినపడింది. ఇంకోసారి అనిపించుకుంటున్నా" అంది. తర్వాత నెమ్మదిగా, "కనిగిరి వాళ్లకు ఏం చెప్పమంటావ్?" అంది.

"నువ్వు అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం లేదు."

ఆమె నవ్వబోయింది గానీ అది నవ్వు కాలేదు. రెండు చేతులకూ కారం. కళ్లు తుడుచుకోలేక మోచెయ్యి ఎత్తింది, అదీ కారమే. నా తువ్వాలుతో నేను తుడిచాను. నలుగురూ చూసేచోట. అలవాటు లేని పని కాబట్టి గట్టిగా తుడిచినట్టున్నాను, "ముక్కు ఊడుతుంది" అంది.

నేను అడిగాను. "నీకేం కావాలి?"

గిన్నె పక్కన పెట్టింది. "వెళ్లనీ" అంది. "ఒక్క ఏడాది నన్ను అక్కడికి వెళ్లనీ. ఇన్నేళ్లూ మన ఇంట్లో నా గొంతు నాకే వినపడేది. గోడకి చెప్పుకున్నట్టు చెప్పి చెప్పి అలిసిపోయానయ్యా. అక్కడ హాస్టలు నిండా ఆడపిల్లలు. ఒకటి అంటే పది అంటారు. కొన్నాళ్లు వాళ్ల గోలలో ఉంటా."

"నేను ఇప్పుడు అడిగాను కదా."

"అడిగావు. అడక్కపోతే ఏడుస్తూ వెళ్లేదాన్ని. ఇప్పుడు మామూలుగా వెళ్తా."

నీ ఇష్టం అనే మాట నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగి, "నాకు కష్టంగా ఉంటుంది" అన్నాను.

"ఉండనీ" అంది. "కొంచెం నీకూ ఉండనీ."

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. తువ్వాలు ముఖానికి పెట్టుకుంటే కళ్లు మండాయి. కారం.

జూన్ 1, ఆదివారం

మహిమను కనిగిరిలో దించి వచ్చాను. మార్కు వస్తానన్నాడు, వద్దన్నాను. పెట్టె నేనే మోశాను. బస్సులోంచి కొండ కనపడితే దాని మీద కోట ఉందట అని చెప్పాను. "ఎక్కి చూద్దాం ఎప్పుడన్నా" అంది. మోకాళ్ల నొప్పి సంగతి గుర్తు చేశాను. "ఎక్కనీ ముందు, తర్వాత నొప్పి సంగతి" అంది.

హాస్టలు గేటు దగ్గర, సెలవులకు ఇంటికి వెళ్లని ఒక పిల్ల చెప్పుల్లేకుండా ఎండలో తిరుగుతోంది. మహిమ పెట్టె లోపలికి వెళ్లకముందే దాన్ని కేకలేసింది. ఆ పిల్ల తిరిగి ఏదో అంది. మహిమ ముఖం చూశాను. ఆ ముఖం నేను చూసి చాలా కాలమైంది.

"వచ్చే ఆదివారం రా" అంది. "నీ ఇష్టం అయితేనే అని నేను అనను. రా."

వస్తానన్నాను.

జూన్ 5

సాయంత్రం వాన. నేల వాసన. టీ కొట్టు చూరు కింద బాపయ్య గారు నిలబడి ఉన్నారు. కళ్లం దగ్గరి మాట తర్వాత ఆయన పలకరించడం ఇదే మొదలు.

"మీ ఆవిడ్ని ఉద్యోగానికి పంపించావంటగా. నువ్వు మంచోడివి కాబట్టి పంపావు. నేనైతే పంపను."

"నేను వద్దన్నానండి."

"మరి?"

"వెళ్ళింది."

"అయితే నీ మాటకి విలువేముందయ్యా!"

వాన కొంచెం తగ్గింది. "విన్నదండి" అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు. విడమరిచి చెప్పలేదు.

తడుస్తూ ఇంటికి వచ్చాను. దీపం వేశాను. ఇల్లు ఎప్పటిలాగే ఉంది, ఈ రోజు మరీ పెద్దదిగా కూడా ఉంది. లెక్కలు రాసే ముందు నేనే ఫోన్ చేశాను. వెనక సెలవుల నుంచి తిరిగొచ్చిన పిల్లలు ఒకటే గోల. ఎవరో పాట పాడుతున్నారు, ఎవరో తప్పు అంటున్నారు. ఆ గోలలో మహిమ ఏదో అంది. నాకు సరిగ్గా వినపడలేదు.

ఇంకోసారి అనమన్నాను.